గనికి ముందు నేల పరీక్ష

1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమైనది. 1961 నాటికి సింగరేణి గనులు జగిత్యాలకు తూర్పున, గోదావరి ఒడ్డుననున్న రామగుండము వరకు విస్తరించినవి.

బొగ్గు దొరికినంత మాత్రమున గని కట్టడములు నిలువవు. యంత్రశాలలకు గట్టి పునాది కావలెను. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారును. దానిపై గోడలు పగులును. బొగ్గు తీసిన చోట నేల క్రుంగవచ్చును.

1925లో ఆస్ట్రియా ఇంజనీరు కార్ల్ టెర్జాగీ ప్రకటించిన గ్రంథముతో మట్టి బలమును లెక్కకట్టు శాస్త్రము రూపొందినది. బోరు వేసి పొరలను పరీక్షించి, నీటిమట్టమును కొలిచి, బొగ్గులేని గట్టి నేలను ఎన్నుకొనవలెను. అది దొరకనిచో కట్టడము క్రింది బొగ్గును త్రవ్వక వదలవలెను. పైన పనిచేయు మనుష్యులకు ఆ బొగ్గే ఆధారము.