మదరాసు విశ్వవిద్యాలయము: ఒక మహావృక్షము కథ

చెన్నపట్టణమున సముద్రతీర మార్గమున పోవువారికి చేపాక్ వద్ద ఎత్తైన గోపురములతో సెనేట్ హౌస్ కానవచ్చును. రాబర్ట్ చిషోమ్ రూపకల్పన మేరకు 1874–1879 నడుమ ఈ భవనము నిర్మింపబడినది. అయితే భవనమునకు ముందే విశ్వవిద్యాలయము పుట్టినది. విశ్వవిద్యాలయమునకు ముందే ప్రజల కోరిక పుట్టినది.

1839 నవంబరులో డెబ్బది వేలమంది ప్రజలు సంతకములు చేసి, తమ బిడ్డలకు ఉన్నతవిద్య కావలెనని గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ప్రభువునకు మహజరు సమర్పించిరి. ఫలితముగా 1841లో ఒక ఉన్నత పాఠశాల వెలసినది. అదియే పిదప ప్రెసిడెన్సీ కళాశాలగా ఎదిగినది. 1854 నాటి వుడ్ విద్యాప్రణాళిక ననుసరించి, 1857లో కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయములు ఏర్పడినవి; అదే ఏట సెప్టెంబరు 5న మదరాసు విశ్వవిద్యాలయము అవతరించినది.

లండను విశ్వవిద్యాలయమును ఆదర్శముగా గైకొన్నందున, తొలినాళ్లలో ఈ సంస్థ పాఠము చెప్పలేదు. బోధన కళాశాలలది, పరీక్ష, పట్టము విశ్వవిద్యాలయమువి. తొలి పట్టభద్రులు ఇరువురును యాళ్పాణము నుండి వచ్చినవారు. వారిలో ఒకరైన సి. వై. దామోదరం పిళ్ళై అనంతరకాలమున ప్రాచీన తమిళ గ్రంథములను పరిష్కరించి ముద్రించి కీర్తి గడించిరి.

1904 నాటి చట్టము బోధనకు, పరిశోధనకు ద్వారము తెరచినది. 1923 నాటి చట్టముతో పాలనావ్యవస్థ పునర్నిర్మాణము పొందినది. సెనేటు విధానములను చర్చించును. సిండికేటు కార్యనిర్వహణ చూచును. విద్యామండలి పాఠ్యప్రణాళికల బాగోగులు చూచును. 1924లో గ్రంథాలయాధికారిగా చేరిన ఎస్. ఆర్. రంగనాథన్ ఇచ్చటనే గ్రంథాలయ శాస్త్రమునకు పంచసూత్రములను రూపొందించి 1931లో ప్రకటించిరి.

ఒకనాడు దక్షిణాపథమందలి కళాశాలలలో అధిక భాగము దీని నీడనుండినవి. తెలుగు జిల్లాల కళాశాలలును అట్టివే. క్రమముగా 1916లో మైసూరు, 1926లో ఆంధ్ర, 1929లో అన్నామలై, 1937లో తిరువాన్కూరు విశ్వవిద్యాలయములు వెలసినవి. 1978లో సాంకేతిక విద్యకు ప్రత్యేక విశ్వవిద్యాలయమును ఏర్పరచిరి. ఇట్లు పరిధి తగ్గినను గౌరవము తగ్గలేదు. ఊడలు వృక్షములైనచో మఱ్ఱికి లోటు లేదు గదా!

తెలుగువారికి ఈ సంస్థతో మరొక బంధము కలదు. 1927లో ప్రాచ్యపరిశోధన సంస్థ ఏర్పడగా, తమిళ, కన్నడ, మలయాళ, సంస్కృతములతోపాటు తెలుగునకును స్థానము లభించినది. కోరాడ రామకృష్ణయ్యగారు అందు ద్రావిడ భాషల తులనాత్మక పరిశీలన సాగించిరి. నిడుదవోలు వేంకటరావుగారు తంజావూరు, మధుర నాయకరాజుల కాలపు తెలుగు వాఙ్మయమును వెలికితీసి చరిత్రగా కూర్చిరి. తమిళనాట తెలుగు పరాయిది కాదని, శతాబ్దముల వేరుగలదని వారి కృషి నిరూపించినది.

నేడు ఆ వేరునకు నీరు కావలెను. తమిళనాడున 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత తమిళము తప్పనిసరి పాఠ్యభాగమైనది. నివసించు నేల భాషను నేర్చుట న్యాయమే, అవసరమే. కాని దానితోపాటు అమ్మభాషను చదువు విద్యార్థి తరిగిపోయినచో, పైనున్న విశ్వవిద్యాలయ తెలుగు శాఖకు విద్యార్థులెక్కడి నుండి వత్తురు? శాఖ బలహీనమైనచో, రేపు పాఠశాలకు ఉపాధ్యాయులెవరు? ప్రాథమిక పాఠశాల, పరిశోధన శాఖ ఒకే తాటికి రెండు కొసలు. ఒకటి తెగిన రెండవది నిలువదు.

విద్య సహజశక్తిని పెంపొందించునని ఈ విశ్వవిద్యాలయపు లాటిను ధ్యేయవాక్యమునకు భావము. బిడ్డకు సహజముగా అబ్బిన తొలిశక్తి తల్లిభాష. దానిని కాపాడుట ప్రభుత్వముల కర్తవ్యము మాత్రమే కాదు. 1839లో సంతకము చేసిన డెబ్బది వేలమంది సామాన్యులు బడి కావలెనని అడిగిరి గనుకనే బడి వచ్చినది. బిడ్డను తెలుగు తరగతిలో చేర్పించు ప్రతి తల్లి, ప్రతి తండ్రి నేడు అట్టి సంతకమే చేయుచున్నారు.