పడవ మీద నంబర్ ఎందుకు? 1789 అమెరికా నుంచి మన గోదావరి దాకా

ఈరోజు ఎపిసోడ్‌లో ఒక చిన్న నంబర్ వెనక ఉన్న పెద్ద కథ చెప్తాను.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వీకెండ్‌లో లేక్‌కి వెళ్లి ఫొటోలు పెడతారు కదా. ఈసారి ఆ ఫొటోల్లో మనుషుల్ని కాకుండా బోటు ముందు భాగాన్ని చూడండి. టెక్సస్ బోటు అయితే టీఎక్స్ అని రెండు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు కనిపిస్తాయి. రెండు వైపులా, కనీసం 3 అంగుళాల ఎత్తులో. కానీ కొన్ని పెద్ద బోట్ల మీద ఈ నంబర్ ఉండదు. బోటు పేరు, కింద ఒక ఊరి పేరు, అంతే. అవి రూల్ తప్పినవి కావు. వాటికి ఉన్నది వేరే కాగితం.

ఒకే లేక్, పక్కపక్కనే రెండు బోట్లు, రెండు వేర్వేరు రకాల కాగితాలు. ఎందుకు? దీనికి జవాబు ఒక్క చట్టంలో దొరకదు. ఒక్కో కాలంలో ఒక్కో ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. అప్పుడు కాగితం మీద ఒక కొత్త కాలమ్ పుట్టింది. ఆ ప్రశ్నల్నే వరసగా చూద్దాం.

మొదటి ప్రశ్న 1789 నాటిది: ఈ ఓడ ఏ దేశానిది?

అప్పటికి అమెరికా ప్రభుత్వం కొత్తగా ఏర్పడింది. ఖజానాలో డబ్బు లేదు. ఆదాయపు పన్ను అన్న మాటే లేదు. డబ్బు వచ్చేది రేవుల దగ్గరే. అందుకని ఆ ఏడాది జులైలో ఓడల మీద టన్నుకి ఇంత అని సుంకం పెట్టారు. అమెరికాలో కట్టి, అమెరికన్లే ఓనర్లుగా ఉన్న ఓడకి టన్నుకి 6 సెంట్లు. అమెరికాలోనే కట్టినా ఓనర్ విదేశీయుడైతే 30 సెంట్లు. పూర్తిగా విదేశీ ఓడకి 50 సెంట్లు.

ఇప్పుడు మీరే చెప్పండి, ఆరుకీ యాభైకీ ఇంత తేడా ఉంటే ఏమవుతుంది? రేవులోకి వచ్చిన ప్రతివాడూ "నాది అమెరికా ఓడే" అంటాడు. అందుకే సెప్టెంబర్‌లో ఇంకో చట్టం వచ్చింది. ఓడ ఎక్కడ కట్టారు, కొలతలెంత, ఓనర్ ఎవరు, కెప్టెన్ ఎవరు, అన్నీ రిజిస్టర్‌లో రాయాలి. ఓనర్ ప్రమాణం చేసి మరీ చెప్పాలి. ఈరోజు అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చే "డాక్యుమెంటేషన్" అనే కాగితం ఈ వంశంలోదే. అంటే దాని మూలం భద్రత కాదు, పన్ను. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ పనికొస్తుంది.

రెండో ప్రశ్న: సరదా కోసం కొనుక్కున్న బోటుకి కూడా ఇన్ని రూల్సా?

1844లో న్యూయార్క్ యాట్ క్లబ్ పుట్టింది. డబ్బున్నవాళ్లు షికారు కోసం తెరచాప బోట్లు కట్టించుకునేవారు. సరుకు ఓడలకి రాసిన కస్టమ్స్ రూల్స్ వీళ్లకీ తగులుకునేవి. 1848లో అమెరికా కాంగ్రెస్ యాట్‌లకి ప్రత్యేకంగా లైసెన్స్ ఇచ్చే ఏర్పాటు చేసింది. ఈ లైసెన్స్ ఉంటే కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. షరతు ఏంటంటే సరుకు ఎక్కించకూడదు, డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించకూడదు.

ఇంకో షరతు వింటే నవ్వొస్తుంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న ఓడల డిజైనర్లు ఎప్పుడొచ్చినా ఆ యాట్ డిజైన్ చూసి కాపీ చేసుకోనివ్వాలి! షికారు బోట్లు వేగంగా వెళ్తాయి కాబట్టి వాటి నుంచి నేర్చుకోవచ్చని లెక్క. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పన్ను ఆఫీసు నుంచి మినహాయింపు ఇస్తాం, బదులుగా నీ కోడ్ ఓపెన్ సోర్స్ చెయ్యి అన్నట్టు.

ఆ కాపీ షరతు ఇప్పుడు చరిత్రలో కలిసిపోయింది. కానీ "డబ్బు తీసుకుని ఎక్కించకూడదు" అన్న గీత మాత్రం ఇప్పటికీ ఉంది. సరదా బోటుగా కాగితం తీసుకుని టికెట్ కొట్టి జనాన్ని తిప్పితే అది చట్టవిరుద్ధం.

మూడో ప్రశ్న: సరే, ఇప్పుడు ఢీకొట్టి వెళ్లిపోయింది ఎవరి బోటు?

పెట్రోల్ ఇంజన్ వచ్చాక కథ మారింది. సామాన్యుడు కూడా మోటార్ బోటు కొనగలిగాడు. 1910లో ఒక చట్టం వచ్చింది. లైట్లు ఉండాలి, విజిల్ ఉండాలి, ప్రాణరక్షణ సామాను ఉండాలి అంది. బాగానే ఉంది. కానీ ఇవేవీ పాటించకుండా పోయినవాణ్ణి పట్టుకోవడం ఎలా? చిన్న బోట్లన్నీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి.

1918 జూన్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, నంబరింగ్ చట్టం వచ్చింది. డాక్యుమెంటేషన్ లేని మోటార్ బోట్లు నంబర్ తీసుకుని బోటు మీద రాయించుకోవాలి. 16 అడుగుల లోపు ఉండి, తీసి పెట్టుకునే మోటార్ వాడే చిన్న బోట్లని వదిలేశారు. ఫొటోల్లో మనం చూసే నంబర్‌కి తాత ఇదే. చూశారా, డాక్యుమెంటేషన్ అడిగిన ప్రశ్న "నువ్వు ఏ దేశం", నంబర్ అడిగిన ప్రశ్న "నువ్వు ఎవరు". అందుకే ఇప్పటికీ ఇవి రెండు వేర్వేరు కాగితాలు.

నాలుగో ప్రశ్న మనకి బాగా తెలిసింది: కాగితం మీద ఓనర్ సరే, అసలు ఓనర్ ఎవరు?

1920లలో అమెరికాలో మద్యం నిషేధం. సముద్రం మీద దొంగ సారా వ్యాపారం జోరుగా సాగేది. 1929 మార్చిలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో "ఐయామ్ అలోన్" అనే ఓడని అమెరికా కోస్ట్ గార్డ్ వెంటాడి, కాల్పులు జరిపి ముంచేసింది. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఆ ఓడ రిజిస్టర్ అయింది కెనడాలో. పెద్ద గొడవైంది. రెండు దేశాల ప్రతినిధులతో వేసిన కమిషన్ దగ్గరికి విషయం వెళ్లింది.

1935లో తేలిందేంటంటే, ఓడని కావాలని ముంచడం తప్పే. అమెరికా కెనడాకి క్షమాపణ చెప్పాలి, 25 వేల డాలర్లు కట్టాలి, సిబ్బందికి వేరే పరిహారం ఇవ్వాలి. కానీ ఓడకి, అందులో సరుకుకి మాత్రం పైసా ఇవ్వక్కర్లేదు. ఎందుకంటే కాగితాల మీద కెనడా ఓడే అయినా, వెనక నడిపించింది అమెరికన్లే. మన భాషలో బినామీ. రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన నిజం మారదని అంత పెద్ద కమిషన్ చెప్పాల్సి వచ్చింది.

ఐదో ప్రశ్న: ఎంతమంది చనిపోతున్నారు, ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వెనక బిగించుకునే మోటార్లు బాగా పెరిగాయి. ప్రతి లేక్‌లోనూ బోట్లే. 1958లో ఫెడరల్ బోటింగ్ చట్టం వచ్చింది. నార్త్ కరోలినాకి చెందిన హెర్బర్ట్ బోనర్ ముందుండి నడిపించారు కాబట్టి బోనర్ చట్టం అని కూడా అంటారు. నంబర్లు ఇచ్చే పనిని ఇది రాష్ట్రాలకి అప్పజెప్పింది. అందుకే ఈరోజు టెక్సస్ బోటుకి టీఎక్స్, ఫ్లోరిడా బోటుకి ఎఫ్ఎల్. నంబర్ పద్ధతి మాత్రం దేశమంతా ఒకటే.

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది వేరే ఉంది. ప్రమాదం జరిగితే రిపోర్ట్ ఇవ్వాలి, ఆ రిపోర్టులన్నీ కలిపి లెక్కలు తయారుచెయ్యాలి అని పెట్టారు. నంబర్ అప్పటిదాకా దొంగని పట్టుకునే సాధనం. ఇక్కణ్ణుంచి అది డేటా అయింది.

ఆరో ప్రశ్న: తప్పు నడిపినవాడిదా, తయారుచేసినవాడిదా?

1971లో ఫెడరల్ బోట్ సేఫ్టీ చట్టం వచ్చింది. బోటు ఎలా తయారుచెయ్యాలో ప్రమాణాలు పెట్టే అధికారం, లోపం ఉంటే సరిచేసి ఇమ్మనే అధికారం కోస్ట్ గార్డ్‌కి వచ్చాయి. కానీ లోపం ఏ బ్యాచ్‌లో ఉందో తెలియాలంటే ప్రతి బోటుకీ సీరియల్ నంబర్ కావాలి కదా? అందుకే 1972 నుంచి తయారయ్యే బోట్లకి 12 అక్షరాల హల్ నంబర్ తప్పనిసరి చేశారు. మొదటి మూడు అక్షరాలు కంపెనీ గుర్తు. డేటాబేస్‌లో ప్రతి వరసకీ ఒక యూనిక్ ఐడీ లేకపోతే దేన్నీ సరిచెయ్యలేమని కోడ్ రాసినవాళ్లకి తెలుసు. ఇక్కడా అదే సూత్రం.

ఇప్పుడు మొత్తం కలిపి చూడండి. హల్ నంబర్ అంటే మన బండి చాసిస్ నంబర్. రాష్ట్రం ఇచ్చేది నంబర్ ప్లేట్, ఆర్సీ. డాక్యుమెంటేషన్ అంటే పాస్‌పోర్ట్. ఇలా గుర్తుపెట్టుకుంటే జీవితంలో కన్ఫ్యూజ్ అవ్వరు.

అమెరికాలో ఉండి బోటు కొనాలనుకునే మనవాళ్లకి ఈ చరిత్ర నేరుగా తగులుతుంది. ఎలాగో చెప్తాను. డాక్యుమెంటేషన్ పుట్టింది "ఏ దేశం" అన్న ప్రశ్న నుంచి అని చెప్పుకున్నాం కదా? అందుకే 230 ఏళ్ల తర్వాత కూడా అది అమెరికా పౌరులకే ఇస్తారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి రాదు, గ్రీన్ కార్డ్ ఉన్నా రాదు. రాష్ట్రం ఇచ్చే నంబర్‌తో మాత్రం హాయిగా బోటు నడుపుకోవచ్చు. టెక్సస్‌లో ఆ పని చూసేది కార్ల ఆఫీసు కాదు, పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ.

డాక్యుమెంటేషన్‌కి బోటు కనీసం 5 నెట్ టన్నులు ఉండాలి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, లోపలి చోటు కొలత. ఇంచుమించు 25 అడుగులు దాటిన బోట్లు ఈ లెక్కలోకి వస్తాయి. సరదా బోటుకి ఇది తప్పనిసరి కాదు, ఇష్టమైతే తీసుకోవచ్చు. పెద్ద లోన్ తీసుకుంటే మాత్రం బ్యాంకులు అడుగుతుంటాయి. ఎందుకంటే 1920 నాటి ఓడల తనఖా చట్టం డాక్యుమెంటేషన్ ఉన్న ఓడ మీద అప్పుకి బలమైన రక్షణ ఇచ్చింది. ఒక హెచ్చరిక కూడా. రెన్యువల్ ఫీజు ఏడాదికి 26 డాలర్లు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లా కనిపించే ప్రైవేట్ సైట్లు ఇంతకు ఎన్నో రెట్లు లాగుతుంటాయి. కోస్ట్ గార్డే ఈ విషయం హెచ్చరించింది.

ఇక మన దగ్గరికి వద్దాం.

మనకీ చట్టం ఉంది. బ్రిటిష్‌వాళ్లు 1917లో నదుల మీద తిరిగే ఆవిరి పడవలకోసం రాసింది. అంటే అమెరికా నంబరింగ్ చట్టం కంటే ఏడాది ముందే! అది స్వాతంత్ర్యం వచ్చాక కూడా సవరణలతో దశాబ్దాల పాటు నడిచింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకం రూల్స్.

2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటుకి తిరగడానికి అనుమతే లేదని తర్వాత తేలింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు వెళ్తున్న టూరిస్ట్ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అసలు బోటులో ఎంతమంది ఎక్కారన్న అంకె మొదట్లో రోజుకో రకంగా మారింది. ధర్మాడి సత్యం గారి బృందం అక్టోబర్ 22న బోటుని బయటకి తీసేదాకా, తమవాళ్లు అందులోనే ఉన్నారేమోనని కుటుంబాలు ఒడ్డున ఎదురుచూశాయి.

కాగితం ప్రాణాలు కాపాడుతుందా అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. కాగితం ఒక్కటే కాపాడదు. కానీ ఎవరెక్కారో లిస్టు ఉంటే, ఎవరి కోసం వెతకాలో మొదటి గంటలోనే తెలుస్తుంది. అనుమతి ఉందా అని ఒడ్డు మీదే అడిగేవాడుంటే కొన్ని బోట్లు కదలవు. 1917 చట్టం మన పుస్తకాల్లో ఉంది. ఒడ్డు మీద అడిగేవాడే లేడు.

2021లో పాత చట్టాన్ని తీసేసి కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. బోట్ల వివరాలకి కేంద్ర డేటాబేస్ ఉండాలి. ఇంజన్ లేని పడవల్ని కూడా స్థానికంగా నమోదు చెయ్యాలి. అమెరికా ఆరు ప్రశ్నలకి విడివిడిగా రాసుకున్న జవాబుల్లో చాలా వరకు మనం ఒకేసారి కాగితం మీదకి తెచ్చుకున్నాం. ఇక మిగిలింది అడగడం.

ఆ పని మనమూ చెయ్యొచ్చు. పాపికొండలు వెళ్లినా, నాగార్జునసాగర్ వెళ్లినా, ఎక్కే ముందు బోటు మీద నంబర్ ఉందా చూడండి. ఎంతమందికి అనుమతి ఉందో అడగండి. మీ పేరు లిస్టులో రాశారా, లైఫ్ జాకెట్ ఇచ్చారా చూసుకోండి. జవాబు చెప్పకుండా "ఎక్కండి సార్, ఏం కాదు" అన్నారంటే ఆ బోటు వదిలెయ్యండి, ఇంకోటి వస్తుంది.

ఈ ఎపిసోడ్ మీ ట్రిప్ గ్రూప్‌లో ఒకసారి పెట్టండి. మళ్లీ కలుద్దాం.