రూలు మారినా పాత లెక్కే ఎందుకు? స్టాటిక్, డైనమిక్ కాల్స్ కథ ఇదీ

భృతి రేటు పెరిగిందని ప్రకటన వచ్చింది. మీ ఖాతాలో మాత్రం పాత లెక్క ప్రకారమే డబ్బు పడింది. తప్పు గుమాస్తాది కాకపోవచ్చు. కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను పిలిచే తీరులోనూ ఉండొచ్చు.

అమెరికా సోషల్ సెక్యూరిటీ లాంటి వ్యవస్థల్లో ఇప్పటికీ కోబాల్ భాష నడుస్తోంది. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, కోబాల్ తెలిసిన వలంటీర్లు కావాలని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ బహిరంగంగా కోరారు.

స్టాటిక్ కాల్ అంటే?

వడ్డీ లెక్కించే చిన్న ప్రోగ్రామ్‌ను, దాన్ని వాడే పెద్ద ప్రోగ్రామ్‌లో ముందే కలిపేస్తారు. నేరుగా పిలుపు వెళ్తుంది కాబట్టి వేగం ఎక్కువ. కానీ 40 ప్రోగ్రామ్‌లు వాడితే 40 కాపీలు ఉంటాయి. రూలు మారితే అన్నింటినీ మళ్లీ లింక్ చేయాలి. ఒక్కటి మరిచిపోయినా అక్కడ పాత రేటే నడుస్తుంది.

డైనమిక్ కాల్ అంటే?

చిన్న ప్రోగ్రామ్ విడిగా ఉంటుంది. మొదటిసారి పిలిచినప్పుడు మెమరీలోకి వస్తుంది. ఒక్కచోట మార్చితే చాలు, ఆ తర్వాత మొదలయ్యే పనులన్నింటికీ కొత్త లెక్కే అందుతుంది. అయితే ఆ ఒక్కదానిలో తప్పు దొర్లితే అన్నీ ఒకేసారి దెబ్బతింటాయి.

వేగంలో తేడా ఎంత?

ఒక్కో డైనమిక్ పిలుపుకు ఒక మైక్రోసెకను అదనంగా పడుతుందనుకోండి. కోటి పిలుపులకు 10 సెకన్లే. రాత్రంతా నడిచే బ్యాచ్ పనిలో ఇది పెద్ద భారం కాదు. అసలు చిక్కు 'క్యాన్సిల్' ఆదేశంతో వస్తుంది. పిలిచిన ప్రతిసారీ ప్రోగ్రామ్‌ను క్యాన్సిల్ చేస్తే, మళ్లీ లోడ్ చేయాల్సిందే. లోడింగ్‌కు ఒక మిల్లీసెకను పట్టినా, కోటిసార్లకు 10,000 సెకన్లు. అంటే దాదాపు 2 గంటల 47 నిమిషాలు! తెల్లారేసరికి పూర్తవ్వాల్సిన చెల్లింపులు ఆలస్యమయ్యేది ఇలాంటప్పుడే.

ఏది ఎప్పుడు?

* కోట్లసార్లు పిలిచేది, అరుదుగా మారేది అయితే స్టాటిక్. ఉదాహరణకు తేదీల లెక్క.
* తరచూ మారే రూల్స్‌కు డైనమిక్. పన్ను, భృతి రేట్లు ఈ కోవలోకే వస్తాయి.
* ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే వాటికీ డైనమిక్ నయం. మెమరీ ఆదా అవుతుంది.

ఐబీఎం కోబాల్‌లో పేరును కోట్స్‌లో నేరుగా రాస్తే, అది ఏ రకం కాల్ అన్నది 'డైనమ్', 'నోడైనమ్' ఆప్షన్లను బట్టి ఉంటుంది. పేరును వేరియబుల్‌లో పెట్టి పిలిస్తే మాత్రం అది డైనమిక్కే.

కాబట్టి రేటు మారాక వచ్చిన మొదటి చెల్లింపును మీరే ఓసారి లెక్క చూసుకోండి. తేడా ఉంటే ఏ తేదీ నుంచి కొత్త రేటు అమలైందో పేర్కొంటూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ కాపీలో పాత లెక్క మిగిలిందో వెతకడానికి అదే ఆధారం.