ఆటే ఉద్యోగం: హైదరాబాద్ ఫార్వర్డ్‌ల బతుకుదెరువు (1950–1983)

హయత్‌నగర్ నుంచి నగరంలోకి బస్సులో వచ్చే విద్యార్థులు దిల్‌సుఖ్‌నగర్ దాటి, కోఠీ మీదుగా బషీర్‌బాగ్ చేరేసరికి లాల్ బహదూర్ స్టేడియం కనిపిస్తుంది. దాని పాత పేరు ఫతే మైదాన్. నేటి యువతకు అది క్రికెట్ ఆడిన చోటుగా, సభలు జరిగే చోటుగా తెలుసు. కానీ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో దేశానికి ఫుట్‌బాల్ ఆటగాళ్లను అందించిన నగరాలలో హైదరాబాద్ ముందు వరుసలో ఉండేది. ఆ విజయాల గురించి చాలామంది రాశారు. గోల్ కొట్టడమే పనిగా పెట్టుకున్న ఫార్వర్డ్‌కు ఇల్లు ఎలా గడిచేది అన్న ప్రశ్నను మాత్రం మన క్రీడా చరిత్రకారులు అంతగా పట్టించుకోలేదు. ఈ పాఠ్యాంశంలో మనం దానిని పరిశీలిద్దాం.

పోలికకు ముందుగా ఇంగ్లండ్‌ను తీసుకుందాం. అక్కడ డబ్బు తీసుకుని ఆడడాన్ని 1885లోనే అధికారికంగా అనుమతించారు. అయితే ఆటగాడి జీతానికి పైపరిమితి ఉండేది. 1961లో ఆ పరిమితిని ఎత్తివేసేనాటికి అది వారానికి 20 పౌండ్లు. పైగా ఒప్పందం ముగిసినా, పాత క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు మరో క్లబ్బుకు వెళ్లడానికి వీలుండేది కాదు. 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో కోర్టు తీర్పు వచ్చాకనే ఆ పట్టు సడలింది. ఆర్థర్ రౌలీ అనే ఫార్వర్డ్ ఈ వ్యవస్థలోనే వెస్ట్ బ్రామ్‌విచ్, ఫుల్‌హామ్, లెస్టర్, ష్రూస్‌బరీ జట్లకు ఆడి లీగ్ మ్యాచ్‌లలో 434 గోల్స్ కొట్టాడు. ఎక్కువ భాగం కింది డివిజన్లలోనే గడిపిన అతనికి ఇంగ్లండ్ సీనియర్ జట్టులో చోటు దక్కలేదు. ఊరూరా తిరుగుతూ ఆటను కూలిపనిలా చేసుకుని బతికిన ఇటువంటి ఫార్వర్డ్‌లు అక్కడ వందల్లో ఉండేవారు. వారి జీతం తక్కువే. కానీ వారు చేసేది ఉద్యోగమని కాగితం మీద ఉండేది.

మన దగ్గర అలా లేదు. ఆటగాడు అమెచ్యూర్ అన్నది నియమం. ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే ఆ ముద్ర తప్పనిసరి. అందువల్ల ఆటగాడికి అన్నం పెట్టే బాధ్యత క్లబ్బుది కాక ప్రభుత్వ శాఖలది అయింది. హైదరాబాద్‌లో అది పోలీసు శాఖ. మైదానంలో గోల్ కొట్టే మనిషి రిజిస్టరులో పోలీసు ఉద్యోగి. నెల జీతం ఉంటుంది, ఆడే వయసు దాటాక కూడా ఉద్యోగం మిగులుతుంది. పేదింటి కుర్రవాడికి ఇంతకన్నా గట్టి భరోసా ఆ రోజుల్లో మరొకటి ఉండేది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలవడం వెనుక ఈ భరోసా కూడా ఉందని నా అభిప్రాయం.

రెండో కారణం సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943 నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన పద్ధతులు చూస్తే బడిపంతులు బుద్ధి స్పష్టంగా కనబడుతుంది. బలహీనమైన కాలితోనే తన్నాలనే నియమంతో పోటీలు పెట్టారు. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ముందుకు లాక్కుపోకూడదనే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. దీనితో రెండు కాళ్లతోనూ ఆడగల, బంతిని వెంటనే తోటివాడికి అందించగల ఫార్వర్డ్‌లు తయారయ్యారు. అటువంటివారు ఏ జట్టులోనైనా ఇమిడిపోతారు. కాబట్టే కలకత్తా క్లబ్బుల కన్ను హైదరాబాద్ మీద పడింది. రహీం నేర్పిన పనితనమే మన ఆటగాళ్లను ఊరు దాటించింది. ఇది ఆయన కోరుకున్న ఫలితం కాకపోవచ్చు.

తులసీదాస్ బలరాం జీవితంలో ఈ మార్పు అడుగడుగునా కనిపిస్తుంది. సికింద్రాబాద్ ప్రాంతంలో, తమిళ కుటుంబంలో 1936లో పుట్టారు. సాధన కోసం నగరానికి రావడానికి చేతిలో డబ్బు లేకపోతే, సైకిల్ అద్దెకు రహీం రోజుకో రూపాయి ఇచ్చేవారని చెబుతారు. రైడర్స్ క్లబ్, సిటీ పోలీస్ జట్లకు ఆడిన తరువాత 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. అదే ఏడాది అర్జున పురస్కారం వచ్చింది. 1963లో రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు మారారు. ఆ ఏడాదే ఊపిరితిత్తుల పొరకు వచ్చిన వ్యాధి వల్ల ఆట మానవలసి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఫార్వర్డ్ సంపాదన అతని శరీరం మీదే ఆధారపడి ఉంటుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

మహమ్మద్ హబీబ్ తరువాతి తరంవారు. 1949లో హైదరాబాద్‌లో పుట్టారు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1966లోనే హబీబ్ ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. అక్కడినుంచి ఆయన ప్రయాణం ఇంగ్లండ్ కూలి ఫార్వర్డ్ ప్రయాణాన్ని తలపిస్తుంది. కాకపోతే ఒకే నగరంలో మూడు పెద్ద క్లబ్బుల మధ్యనే తిరిగారు. ఈస్ట్ బెంగాల్ తరువాత మోహన్ బగాన్, 1970లో మళ్లీ ఈస్ట్ బెంగాల్, 1975లో మహమ్మదన్ స్పోర్టింగ్, 1976లో మోహన్ బగాన్, 1980లో మరోసారి ఈస్ట్ బెంగాల్. ఎరుపు-పసుపు చొక్కా వేసిన మనిషే మరుసటి ఏడాది ఆకుపచ్చ-మెరూన్ వేసుకుంటే అభిమానులకు కోపం రావాలి. అయినా కలకత్తా ఆయనను ‘బడే మియా’ అని గౌరవించింది. ఎవరి చొక్కా వేసుకుంటే వారికోసం ఒళ్లు దాచుకోకుండా ఆడడమే అందుకు కారణం.

ఇక్కడ విద్యార్థులు ఒక తేడాను గమనించాలి. కలకత్తాలో ఆటగాళ్లు ఏటా సీజన్‌కు ముందు కొత్తగా సంతకం చేసి క్లబ్బు మారవచ్చు. ఆ కొద్దిరోజులు క్లబ్బుల మనుషులు ఆటగాళ్లను ఎదుటివారి కంట పడకుండా దాచిన కథలు కోకొల్లలు. అంటే ఇంగ్లండ్ ఆటగాడికి వృత్తి గుర్తింపు ఉంది, కదిలే స్వేచ్ఛ లేదు. కలకత్తా ఆటగాడికి కదిలే స్వేచ్ఛ ఉంది, వృత్తి గుర్తింపు లేదు. ఈ లోటును పూడ్చుకోవడానికే చాలామంది బ్యాంకులోనో, రైల్వేలోనో, కస్టమ్స్‌లోనో ఉద్యోగం చూసుకునేవారు.

హబీబ్ ఆ దారి పట్టలేదు. వచ్చిన ఉద్యోగాలు కాదని, ఆటే తన ఉద్యోగమని నిలబడ్డారు. అందుకే ఆయనను భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాలర్ అంటారు. ఈ నిర్ణయాన్ని సాహసంగా మెచ్చుకోవడం సులభం. కానీ సంతకం చేసిన ప్రతి ఏడాదీ ఆయన రుజువు చేసుకోవలసిందే. మోకాలు దెబ్బతింటే మరుసటి ఏడాది పిలుపు రాదు. ఆ భయం మధ్యనే 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. 1970 నుంచి 1974 వరకు ఈస్ట్ బెంగాల్ ప్రతి ఏటా కలకత్తా లీగ్ గెలిచింది. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో నిలిచినప్పుడు రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. అర్జున పురస్కారం 1980లో గాని రాలేదు.

ఆయన తమ్ముడు అక్బర్, తరువాత షబ్బీర్ అలీ కూడా ఇదే దారిలో కలకత్తా వెళ్లారు. ఇటు హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1961లో డ్యూరాండ్ కప్ గెలిచిన జట్టు క్రమంగా వెనుకబడింది. రహీం పోయారు, ఉత్తమ ఆటగాళ్లు వెళ్లిపోయారు. పోలీసు జీతం కలకత్తా క్లబ్బుల డబ్బుతో పోటీపడలేకపోయింది. క్రికెట్ వల్లే హైదరాబాద్ ఫుట్‌బాల్ చచ్చిపోయిందని తరచూ వినబడే మాటలో సగమే నిజం. 1983లో భారత్ ప్రపంచకప్ గెలవకముందే ఇక్కడి మైదానాలు ఖాళీ అవుతున్నాయి.

హబీబ్ ఆట ముగిశాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షకుడిగా పనిచేశారు, తరువాత హైదరాబాద్ తిరిగి వచ్చారు. బలరాం మాత్రం తిరిగి రాలేదు. కలకత్తా పక్కనున్న ఉత్తర్‌పారాలోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న మరణించారు. హబీబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశారు.