ఆర్‌వీని ఇంటి ప్లగ్‌కి కలిపితే కరెంట్ పోతోందా? మళ్లీ రీసెట్ నొక్కే ముందు ఇవి చూడండి..!

అమెరికాలో లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు.. ఆర్‌వీ అద్దెకు తీసుకుని కుటుంబంతో బయలుదేరే తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ముందు రోజే బండిని ఇంటి ముందు పెట్టి, ఫ్రిజ్ చల్లబడాలని గ్యారేజీ ప్లగ్‌కి కేబుల్ తగిలిస్తారు. అంతే.. టక్కున కరెంట్ పోతుంది. రీసెట్ నొక్కితే వస్తుంది.. మళ్లీ పోతుంది. ఇంతకీ తప్పు ఇంట్లో ఉందా? బండిలో ఉందా? ఎప్పుడు మనమే సరిచేసుకోవచ్చు? ఎప్పుడు ముట్టుకోకూడదు? పూర్తి వివరాలు ఇవే..

ఏ ప్లగ్ ఎంత మోస్తుంది?

అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్ 120 వోల్టులు, 15 లేదా 20 ఆంప్స్. అంటే 15 ఆంప్స్ ప్లగ్ నుంచి గరిష్ఠంగా 1,800 వాట్లు. గంటల తరబడి వాడాలంటే 12 ఆంప్స్, అంటే 1,440 వాట్లు దాటకూడదు. కానీ ఆర్‌వీలు 30 ఆంప్స్ (3,600 వాట్లు), 50 ఆంప్స్ (12,000 వాట్లు) లెక్కన తయారవుతాయి. 30 ఆంప్స్ ప్లగ్‌కి మూడు పిన్నులు, 50 ఆంప్స్ ప్లగ్‌కి నాలుగు పిన్నులు ఉంటాయి. ‘డాగ్‌బోన్’ అడాప్టర్ పెడితే ఇవి మామూలు ప్లగ్‌లో సరిపోతాయి. అయితే అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది.. కరెంట్‌ను పెంచదు. చాలా ఇళ్లలో మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

కాసేపటికి బ్రేకర్ పడిపోతోందా?

తగిలించగానే బాగానే ఉండి, ఏసీ వేసినప్పుడో, కొన్ని నిమిషాల తర్వాతో బ్రేకర్ పడిపోతే కారణం దాదాపుగా ఓవర్‌లోడే. రూఫ్ మీద ఉండే 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే సుమారు 12 నుంచి 16 ఆంప్స్ లాగుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. వాటర్ హీటర్‌లోని ఎలక్ట్రిక్ రాడ్ సుమారు 12 ఆంప్స్, మైక్రోవేవ్ కూడా దాదాపు అంతే. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంటే, దాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్ కూడా తన వంతు లాగుతుంది.

ఏం చేయాలంటే.. ఏసీ ఆపేయాలి. వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదకు మార్చాలి. ఫ్రిజ్, బ్యాటరీ ఛార్జింగ్, లైట్లకు 15 ఆంప్స్ సరిపోతాయి. అదే బ్రేకర్ మీద గ్యారేజీలోని రెండో ఫ్రిజ్ లేదా ఫ్రీజర్ కూడా నడుస్తోందేమో చూడాలి. బ్రేకర్ పడిపోతోందని దాని స్థానంలో పెద్ద బ్రేకర్ వేయించడం మాత్రం అస్సలు వద్దు. అప్పుడు బ్రేకర్ పడదు.. గోడలోని వైరు కాలుతుంది.

తగిలించగానే టక్కున ట్రిప్ అవుతోందా?

బయటి గోడల మీద, గ్యారేజీల్లో ఉండే ప్లగ్‌లకు జీఎఫ్‌సీఐ రక్షణ ఉంటుంది. 1970ల నుంచే అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో ఈ నిబంధన ఉంది. మన ఇళ్లలో ఆర్‌సీసీబీ సాధారణంగా 30 మిల్లీఆంప్స్ లీకేజీకి ట్రిప్ అయితే, జీఎఫ్‌సీఐ సుమారు 5 మిల్లీఆంప్స్‌కే ఆపేస్తుంది. అందుకే ఇది అంత సున్నితం. దీనికి కావాల్సింది లోడ్ కాదు.. చిన్న లీకేజీ చాలు.

తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోవచ్చు..

ముందుగా కేబుల్‌ను బండి వైపు నుంచి తీసేసి, ఇంటి ప్లగ్‌కి మాత్రమే తగిలించాలి. అప్పుడూ ట్రిప్ అయితే తేడా కేబుల్‌లోనో, అడాప్టర్‌లోనో ఉంది. వాన నీరు, మంచు చేరినా ఇలాగే అవుతుంది. ట్రిప్ అవ్వకపోతే ఇంటి వైపు కరెంట్ ఆపి, బండి లోపలి బ్రేకర్లన్నీ ఆఫ్ చేసి, కేబుల్ కలిపి మళ్లీ ఆన్ చేయాలి. తర్వాత ఒక్కో బ్రేకర్ వేస్తూ వెళ్లాలి. ఏది వేసినప్పుడు ట్రిప్ అయిందో ఆ లైన్‌లోనే సమస్య. ఎక్కువసార్లు దొరికేది వాటర్ హీటర్ రాడ్డే. ట్యాంక్‌లో నీళ్లు లేకుండా హీటర్ వేస్తే ఆ రాడ్ పాడైపోతుంది.

అన్ని బ్రేకర్లు ఆఫ్‌లో ఉన్నా ట్రిప్ అవుతోందా? బ్రేకర్ ఆపేది ఫేజ్ వైరును మాత్రమే. బండిలో ఎక్కడైనా న్యూట్రల్, ఎర్త్ వైర్లు కలిసి ఉంటే జీఎఫ్‌సీఐ అప్పుడూ ఊరుకోదు. ఇది ఆర్‌వీ టెక్నీషియన్ చూడాల్సిన పని.

లైట్లు వెలుగుతున్నా ఏసీ, మైక్రోవేవ్ రావడం లేదా?

బండిలోని లైట్లు, వాటర్ పంపు, ఫ్యాన్లు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. కాబట్టి లైటు వెలిగిందంటే ఇంటి కరెంట్ వచ్చినట్టు కాదు. మైక్రోవేవ్ గడియారం వెలిగిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. వెలగకపోతే ముందు ఇంటి జీఎఫ్‌సీఐ చూడాలి. దాని రీసెట్ బటన్ కొన్నిసార్లు వేరే గోడ మీద, బాత్రూంలో కూడా ఉండొచ్చు. ఆ తర్వాత బండి మెయిన్ బ్రేకర్. సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే కొన్ని మోడళ్లు రెండు నిమిషాలు ఆగాకే కరెంట్ పంపుతాయి. కంగారు పడక్కర్లేదు.

ఎక్స్‌టెన్షన్ వైర్ వేడెక్కుతోందా?

ఇంట్లో వాడే సన్నటి 16 గేజ్ వైరు దీనికి పనికిరాదు. గేజ్ నంబర్ తగ్గే కొద్దీ వైరు లావవుతుంది. 15, 20 ఆంప్స్ ప్లగ్‌కి కనీసం 12 గేజ్, 30 ఆంప్స్‌కి 10 గేజ్ ఉండాలి. వైరును చుట్టలా వదిలేయకుండా పూర్తిగా పరచాలి. బండి లోపల వోల్టేజీ 110 కంటే కిందకు జారుతుంటే ఏసీ వేయకపోవడమే మంచిది. తక్కువ వోల్టేజీలో కంప్రెసర్ దెబ్బతింటుంది. ప్లగ్ చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నులు నల్లబడ్డా వెంటనే ఆపేయాలి.

కొత్త ప్లగ్ పెట్టిస్తున్నారా? ఈ ఒక్క మాట తప్పక చెప్పండి..

బండి ఇంటి దగ్గరే ఉంచేవాళ్లు 30 ఆంప్స్ ప్లగ్ పెట్టించుకుంటారు. దాని పేరు టీటీ-30. ఇది 120 వోల్టులది. కానీ పాత బట్టల డ్రైయర్ ప్లగ్ కూడా మూడు పిన్నుల, 30 ఆంప్స్‌దే.. అది 240 వోల్టులది. ఆర్‌వీల గురించి తెలియని ఎలక్ట్రీషియన్లు దీన్నీ అదే అనుకుని 240 వోల్టులు ఇచ్చేస్తుంటారు. బండి కలిపిన క్షణంలో కన్వర్టర్, మైక్రోవేవ్, ఏసీ బోర్డు కాలిపోవచ్చు. ప్యానెల్‌లో ఈ ప్లగ్‌కి జంట బ్రేకర్ కనిపిస్తే అనుమానించాల్సిందే. బండి కలపక ముందే మీటర్‌తో చెక్ చేయించి, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120 చూపిస్తేనే సరే అనాలి.

50 ఆంప్స్ ప్లగ్‌లో రెండు ఫేజ్ లైన్ల మధ్య 240, ఒక్కో లైన్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120 రావాలి. బండిలో కొన్ని వస్తువులకు వోల్టేజీ పెరిగి, కొన్నింటికి పడిపోతుంటే న్యూట్రల్ ఊడినట్టే. క్షణం ఆగకుండా మెయిన్ ఆపేయాలి.

తలుపు పట్టుకుంటే జివ్వుమంటోందా? ఇది అసలైన ప్రమాదం

బండి రబ్బరు టైర్ల మీద ఉంటుంది. దానికి ఎర్త్ వచ్చేది కేబుల్ ద్వారా మాత్రమే. ఆ ఎర్త్ తెగితే లోపలి చిన్న లీకేజీ కూడా బండి బాడీ మొత్తాన్ని కరెంట్ తీగలా మార్చేస్తుంది. లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి హ్యాండిల్ పట్టుకున్న పిల్లలకే షాక్ కొడుతుంది.

మన ఊళ్లో 230 వోల్టులు చూసిన కళ్లకు 120 చిన్నగా కనిపిస్తుంది. కానీ ప్రాణం తీయడానికి అది చాలు. కొంచెం జివ్వుమన్నా సరే.. అందరినీ దూరంగా జరపాలి. బండిని, ప్లగ్‌ను ముట్టుకోకుండా నేరుగా ఇంటి ప్యానెల్‌కి వెళ్లి బ్రేకర్ ఆపాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ కలపకూడదు. పాత ఇళ్లలో రెండు రంధ్రాల ప్లగ్ ఉందని అడాప్టర్ ఎర్త్ పిన్ను కోసేయడం అంటే ఈ ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడమే.

కలిపే పద్ధతి ఇదీ..

ముందు ఇంటి ప్లగ్‌ను చెక్ చేయాలి. మూడు లైట్ల టెస్టర్ హార్డ్‌వేర్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఇంటి వైపు, బండి వైపు రెండు బ్రేకర్లూ ఆపి కేబుల్ తగిలించాలి. ఇంటి బ్రేకర్ వేశాక, ముట్టుకోకుండా కరెంట్ చూపించే పెన్ టెస్టర్‌ను బండి బాడీకి దగ్గరగా పెట్టి చూడాలి. అది మోగకపోతేనే బండి మెయిన్ వేసి, ఒక్కో బ్రేకర్ ఆన్ చేయాలి. తీసేటప్పుడు సరిగ్గా దీనికి రివర్స్.

ఓవర్‌లోడ్‌తో పడిన బ్రేకర్‌ను లోడ్ తగ్గించి మళ్లీ వేసుకోవచ్చు. కానీ షాక్, కాలిన వాసన, వేడెక్కిన ప్లగ్.. ఈ మూడింటిలో ఏది కనిపించినా రీసెట్ బటన్ జోలికి వెళ్లొద్దు. ట్రిప్ ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.