మణుగు ఎంత బరువు? భీమడోలు ప్రాంతపు తూనికల మార్పిడి: ఒక పరిశీలన

పాత దస్తావేజుల్లో, కథల్లో, వంటల పుస్తకాల్లో మణుగు, వీశె, పలం వంటి మాటలు ఎదురైనప్పుడు సంపాదకులు అడుగున కిలోల లెక్కలో ఒక సంఖ్య వేసి ముందుకు సాగడం పరిపాటి. ఆ సంఖ్య ఎలా వచ్చిందో చెప్పడం అరుదు. మణుగుకు కిలోల్లో ఒకే విలువ లేదనీ, ఏ విలువ వేయాలన్నది ఆ రాత పుట్టిన చోటును, సందర్భాన్ని బట్టి తేల్చవలసిన పాఠ్యపరిష్కరణ సమస్య అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది. ఇందుకు భీమడోలును ఆధారంగా తీసుకున్నాను. ఇటు ఏలూరుకు, అటు తాడేపల్లిగూడేనికి నడుమ కాలువ, రైలు, రాదారి కలిసే ఈ ఊళ్లో వేర్వేరు తూనిక పద్ధతులు ఒకేచోట తారసపడ్డాయి.

ముందుగా అంగడి లెక్క. తులం అంటే రూపాయి ఎత్తు, అంటే 180 గ్రెయిన్లు. మూడు తులాలు ఒక పలం. నలభై పలాలు ఒక వీశె. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఇరవై మణుగులు ఒక బారువ. నడుమ వచ్చే చిన్న తూనికల పేర్లు భాషా విద్యార్థికి మరింత ఆసక్తికరం. ఏబులంలో ఉన్నది ఐదు పలాలు, పదలంలో ఉన్నది పది పలాలు. సంఖ్యావాచకం, పలం కలిసిపోయి విడదీయలేని ఒక్క మాట అయ్యాయి. వీశెను వీసంతో కలిపి చదవడం మాత్రం పొరపాటు. వీసం పదహారో వంతును చెప్పే భిన్నం, వీశె తూనిక రాయి. తొందరపాటు లిప్యంతరీకరణల్లో ఈ రెండూ ఒకటైపోతుంటాయి.

కుంచం, తూము, పుట్టి ధాన్యపు కొలపాత్రలకు చెందినవి. అవి పరిమాణాన్ని చెప్పేవే గాని బరువును కావు. గింజ రకాన్నిబట్టి, ఆరుదలనుబట్టి బరువు మారుతుంది కనుక వాటిని ఈ చర్చలోకి తీసుకురాలేదు.

పై లెక్క ప్రకారం మణుగు 960 తులాలు, అంటే దాదాపు 24.69 పౌన్లు. కాని మద్రాసు రాజధాని వర్తక వ్యవహారంలో దీనిని 25 పౌన్లకు సరిచేశారు. దానితో వీశె 3 పౌన్ల 2 ఔన్సులు, బారువ సరిగ్గా 500 పౌన్లు అయ్యాయి. ఇంగ్లీషు పద్దుకు ఇది సుళువు. తేడా చూడడానికి చిన్నదే. తులాల లెక్కలో మణుగు 11.197 కిలోలు, పౌన్ల లెక్కలో 11.340 కిలోలు. మణుగుకు 143 గ్రాములు ఎవరి కంటికీ ఆనవు. బారువ దగ్గరికి వచ్చేసరికి అది 2.85 కిలోలవుతుంది, అంటే రెండు వీశెల పైచిలుకు. బారువల్లో సరుకు అమ్మినవాడు ఏ లెక్కన తూచి ఇచ్చాడో, కొన్నవాడు ఏ లెక్కన పద్దు రాసుకున్నాడో తెలియకుండా ఆ పద్దును కిలోల్లోకి మార్చలేము.

అసలు చిక్కు రైలుతో వచ్చింది. 1893లో బెజవాడ, రాజమండ్రి వైపు మార్గం తెరుచుకున్నాక ఏలూరు కాలువ పడవలకు తోడు రైలు పెట్టెలూ సరుకు మోయసాగాయి. రైల్వే వారి మణుగు మద్రాసు మణుగు కాదు, బెంగాలు మణుగు. దాని బరువు 82 పౌన్లమీద ఏడింట రెండు వంతులు, అంటే 37.324 కిలోలు. ఒకే ఊళ్లో అంగడి మణుగు ఒకటి, స్టేషను మణుగు మరొకటి అయ్యాయి. ఒక కాగితంలో నూరు మణుగుల బెల్లం అని ఉందనుకుందాం. అది కోమటి చిట్టా అయితే 1,134 కిలోలు, రైలు రశీదు అయితే 3,732 కిలోలు.

ఈ గందరగోళానికి పేరు ఒకటే కావడం ఒక్కటే కారణం కాదు. రెండు మణుగుల్లోనూ నలభై సేర్లే ఉన్నాయి. మద్రాసు సేరు 24 తులాలు, బెంగాలు సేరు 80 తులాలు. కచ్చా సేరు, పక్కా సేరు అనే వాడుక ఈ భేదాన్ని గుర్తించడానికి వచ్చినదే. ‘మణుగుకు నలభై సేర్లు’ అన్న వాక్యం రెండింటికీ నప్పుతుంది కాబట్టి, దాని ఆధారంగా అది ఏ మణుగో తేల్చలేము. సేరుకు ఎన్ని తులాలో చెప్పిన చోటనే నమ్మదగిన ఆధారం దొరుకుతుంది. నిఘంటుకర్తలు ఈ ప్రశ్నకు తగినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం.

సేరును కిలోగ్రాముతో సమానం చేయాలన్న ఆలోచన 1870, 1871 చట్టాల్లోనే ఉంది గాని ఆచరణలోకి రాలేదు. 1939 చట్టం 80 తులాల సేరునే ప్రమాణం చేసింది. 1956 చట్టం మెట్రిక్ పద్ధతిని తెచ్చి, తులం 11.6638 గ్రాములనీ, సేరు 0.9331 కిలో అనీ, మణుగు 37.3242 కిలోలనీ మార్పిడి విలువలు నిర్ణయించింది. తూనికల అమలు 1958 అక్టోబరులో మొదలై, 1962 ఏప్రిల్ నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. గమనించవలసినది ఏమంటే, చట్టం గుర్తించిన మణుగు బెంగాలుదే. కోస్తా తెలుగువారి ఎనిమిది వీశెల మణుగు అందులో లేదు. మన సంపాదకులు ఆ చట్టపు పట్టిక చూసి 37 కిలోలు వేస్తే, అంగడి మణుగు మూడింతలకు పైగా పెరిగిపోతుంది.

చట్టం వచ్చినా వాడుక తన దారిన తాను నడిచింది. భీమడోలు పరిసరాల్లో రైతు దిగుబడిని నేటికీ ఎకరాకు ఇన్ని బస్తాలని చెబుతాడు. బస్తా అంటే 75 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తే, అతడు దానిని ముప్పావు చేసి బస్తా ధరగా అర్థం చేసుకుంటాడు. ఈ 75 ఎక్కడిది? రెండు బెంగాలు మణుగులు 74.65 కిలోలు. రెండు మణుగుల సంచే కిలోల యుగంలోకి సరిచేసుకుని వచ్చిందని నా ఊహ. ఒకనాడు 24.69ని 25 చేసిన వర్తక బుద్ధికీ దీనికీ పోలిక ఉంది.

బంగారం దగ్గర మార్పు మరో విధంగా జరిగింది. గోదావరి సీమలో ఎక్కువగా వినిపించే కాసు 8 గ్రాములు. 7.988 గ్రాముల సవరను సరిచేసిన తూకమిది. తులం మాత్రం 11.66 గ్రాముల నుంచి అంగడిలో 10 గ్రాములకు దిగింది. మాట మారలేదు, బరువు తగ్గింది. 1950 నాటి వీలునామాలో పది తులాల బంగారం అని ఉంటే అది 116.6 గ్రాములు. నేటి అంగడి లెక్కన పంచితే 100 గ్రాములే. వారసులకు తగ్గేది రెండు కాసుల పైమాటే.