మూలికా పొడులకు ఏ పరీక్షలు? ఉద్దానం వాసులు తెలుసుకోవలసినవి

పలాస: మొక్కల నుంచి తీసినవి గనుక హాని చేయవన్న నమ్మకంతో మూలికా పొడులు, మాత్రలు, రసాలు కొనేవారికి పలాస, టెక్కలి ప్రాంతాల్లో కొదవ లేదు. మూత్రపిండాల వ్యాధికి మూలకారణమే ఇంతవరకు తేలని ఉద్దానంలో ఈ నమ్మకానికి చెల్లించవలసిన మూల్యం అధికం.

ఈ డబ్బాలు రెండు చట్టాల పరిధిలో ఉన్నాయి. ఆయుర్వేద ఔషధాలకు 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం వర్తిస్తుంది. హెల్త్ సప్లిమెంట్లు 2006 నాటి ఆహార భద్రత చట్టం కిందకు వస్తాయి. వీటిపై 14 అంకెల లైసెన్సు సంఖ్య, ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక ఉండి తీరాలి. అటువంటి డబ్బానే కిడ్నీ జబ్బుకు మందని చెప్పి అమ్మితే, అమ్మేవాడి మాటను ఆ డబ్బాయే ఖండిస్తున్నట్లు లెక్క.

ప్రయోగశాలలో భారలోహాలు, సూక్ష్మజీవులు, పురుగుమందుల అవశేషాలు పరీక్షిస్తారు. కేవలం మూలికలతో చేసిన ఆయుర్వేద ఔషధంలో పది లక్షల భాగాలకు సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలకు మించరాదు. అమెరికాలోని బోస్టన్ పరిసర దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 వాటిలో భారలోహాలు బయటపడినట్లు 2004లో ప్రచురితమైంది.

వీటన్నిటికన్న ముందు తేలవలసింది, డబ్బాలో ఉన్నది ఏ మొక్క అన్నది. బెల్జియంలో 1990ల తొలినాళ్లలో బరువు తగ్గేందుకు చైనా మూలికలు వాడిన వంద మందికి పైగా మహిళల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక వేరుకు బదులు అరిస్టొలోకియా జాతి వేరు కలవడమే కారణమని తేలింది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌నూ కలిగిస్తుంది. మన గాడిదగడపాకు, నల్ల ఈశ్వరి ఆ జాతివే. ఉద్దానం వ్యాధికి ఇవే కారణమని దీన్నిబట్టి అనడానికి వీల్లేదు గాని, పసరు మింగేముందు ఆలోచించవలసిన విషయమే.

కల్తీ లేనంత మాత్రాన రోగికి సరిపడుతుందని కాదు. తొగరు పండు నుంచి తీసే నోని రసంలో పొటాషియం ఎక్కువ. మంచి మూత్రపిండాలు దాన్ని బయటకు పంపేస్తాయి. క్రియాటినిన్ పెరిగిన వారిలో అది రక్తంలో నిలిచిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. ఈ రసం తాగిన కిడ్నీ రోగి రక్తంలో పొటాషియం పెరిగిన ఉదంతాన్ని అమెరికా వైద్యులు 2000లోనే ప్రచురించారు.

సప్లిమెంటుపై అనుమానముంటే వినియోగదారుడే పరీక్ష చేయించుకోవచ్చు. ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం రుసుము చెల్లించి ఫుడ్ అనలిస్టు నుంచి నివేదిక పొందవచ్చు. పరీక్షకు పంపుతున్నట్లు కొనేటప్పుడే దుకాణదారుకు తెలపాలి. నిబంధనలకు విరుద్ధంగా ఉన్నట్లు తేలితే రుసుము తిరిగి ఇస్తారు.

కాగితపు పొట్లంలో ఇచ్చే పొడికి లైసెన్సు సంఖ్య గాని, బ్యాచ్ సంఖ్య గాని ఉండదు. పలాస, టెక్కలి, సోంపేట డయాలసిస్ కేంద్రాలకు వెళ్లేవారు అటువంటి పొడి వాడుతుంటే, ఆ పొట్లాన్ని వెంట తీసుకెళ్లి వైద్యునికి చూపించాలి.